మన్యంలో మిగిలిపోయిన వినికిడి

ఆ చెవులు పోతాయని మనకు ముందే తెలుసు. గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారి కథ ఎవరు చెప్పినా ఆ మాట వస్తుంది. సవరల భాష కోసం మన్యం తిరిగారు, మలేరియా సోకింది, క్వినైన్ మింగారు, చెవుడు వచ్చింది, పోయేదాకా వదల్లేదు. అంతే, ఒక్క వాక్యం. ఊపిరి తీసుకునేలోపే కథ వ్యావహారిక భాషోద్యమంలోకి వెళ్లిపోతుంది. గ్రాంథికం వైపు నిలిచిన జయంతి రామయ్య పంతులుగారితో వాదాలు మొదలవుతాయి, సభలూ తీర్మానాలూ వచ్చిపడతాయి. ఆ వాక్యం దగ్గర ఎవరూ కాసేపు కూర్చోరు. నాకు కూర్చోవాలని ఉంది. బాన్సువాడలో రైస్ మిల్లుల హోరు వింటూ పెరిగినవాణ్ని. చెవి ఎలా పోతుందో, పోతున్నప్పుడు మనిషి ఏమంటాడో, ఇంటివాళ్లు ఏమనుకుంటారో దగ్గర నుంచి చూసినవాణ్ని. ఆ వాక్యాన్ని దాటి పోవడానికి నాకు కాళ్లు రావు.

1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టారాయన. ఆ తేదీనే తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. తండ్రి వీర్రాజుగారు 1875లో చోడవరంలో విషజ్వరంతో పోయారు. జ్వరం ఆ ఇంటికి కొత్త కాదన్నమాట. పన్నెండేళ్ల పిల్లవాడు విజయనగరం చేరి మహారాజావారి బడిలో చదువుకున్నాడు. గురజాడ అప్పారావు అక్కడే తోటి విద్యార్థి. 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో ముప్పై రూపాయల జీతానికి మాస్టరుగా చేరారు. ఆ వయసులో ఎవరి చెవులైనా లేతగా, పదునుగా ఉంటాయి. చీమ చిటుక్కుమన్నా పట్టుకుంటాయి. ముందుముందు తన బతుకంతా ఆ చెవుల మీదే నడవబోతోందని ఆ కుర్ర మాస్టరుకు ఇంకా తెలియదు.

పర్లాకిమిడి చుట్టూ కొండలు, ఆ కొండల్లో సవరలు. మైదానంలో వాళ్లకు ఆ కొండమాట వట్టి గోల. మాస్టరుగారికి అది భాష. తెలుగుతో గాని ఒడియాతో గాని చుట్టరికం లేని ముండా భాష. అప్పటికి దానికి లిపి లేదు. సొరంగ్ సొంపెంగ్ అని సవరలే తమ లిపి తాము చేసుకునే రోజు 1936లో గాని రాలేదు. అంటే ఆ భాష నేర్చుకోవడానికి కళ్లు ఎందుకూ కొరగావు, చెవి ఒక్కటే దారి. గొంతులో ఊపిరి చటుక్కున తెగి మళ్లీ అందుకునే ధ్వని ఒకటి అందులో ఉంది. అది పలికితే ఒక మాట, పలకకపోతే వేరే మాట. పక్కన ఎవరైనా దగ్గితే చాలు, చేజారిపోయేంత సన్నని ధ్వని. తెలుగూ సవరా రెండూ వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని ఏళ్ల తరబడి విన్నారాయన. విన్నది రాసుకున్నారు, రాసుకున్నది మళ్లీ అనిపించుకున్నారు, తప్పు దిద్దుకున్నారు. అది చాలక కొండెక్కారు.

మన్యం అంటే మైదానంవాళ్లకు అప్పట్లో ఒక్కటే భయం, జ్వరం. చలితో మొదలై, దవడలు టకటకలాడించి, ఒళ్లంతా కాల్చి, చివరికి చెమటలో ముంచి వదిలేది. వదిలినట్టే వదిలి మళ్లీ వచ్చేది. అప్పటికి దానికి మందు ఒక్కటే. నీలగిరుల్లోని సర్కారు తోటల్లాంటి చోట్ల పెంచిన సింకోనా చెట్ల బెరడు నుంచి తీసిన చేదు పొడి, క్వినైన్. మింగితే జ్వరం దిగేది. దిగితే ఆయన మళ్లీ సవరల దగ్గరికి బయల్దేరేవారు. మళ్లీ జ్వరం, మళ్లీ ఆ చేదు. ఇక్కడికి వచ్చేసరికి నాకు చెయ్యి అడ్డం పెట్టాలనిపిస్తుంది. పంతులుగారూ, ఈ ఒక్క వానాకాలం ఆగండి, ఆ మాటలు ఎక్కడికీ పోవు అని బతిమాలాలనిపిస్తుంది. ఆగరని తెలుసు. ఆగి ఉంటే ఆ మాటలు మనదాకా వచ్చేవి కావనీ తెలుసు.

క్వినైన్ చెవిని ఒక్కసారిగా పట్టదు. ముందు మోత మొదలవుతుంది. ఎవరూ చేయని చప్పుడు, గుయ్యిమని, లోపల్నుంచి. ఆ తర్వాత సన్నని స్వరాలు మాసిపోతాయి. లోచెవిలో నత్తగుల్లలా చుట్టుకున్న చిన్న గది ఉంది. ఆ గదిలో దాదాపు 15 వేల రోమకణాలు వరసలు తీరి నిలబడి ఉంటాయి. గాలిలో వచ్చిన కదలికను మెదడుకు అందే కబురుగా మార్చేవి అవే. పుట్టకముందే ఏర్పడతాయి, పోతే మళ్లీ మొలవవు. మోత మొదలైనప్పుడే మందు ఆగితే చాలామందికి వినికిడి తిరిగి వస్తుంది. ఎక్కువ మోతాదుల్లో, ఏళ్ల తరబడి పడుతూనే ఉంటే ఆ వరసలు చెదిరిపోతాయి. అంటే మొదటి మోతకూ చెవి మూసుకుపోవడానికీ మధ్య కొంత గడువు ఉంటుంది. ఈ కథలో నా గుండె పట్టుకునేది ఆ గడువే.

ఆ గడువులో ఆయనకు ఎవరు ఏం చెప్పగలిగి ఉండేవారు? 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాద్ బేగంపేటలో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. జ్వరం వచ్చేది చెడుగాలి వల్ల కాదు, దోమకాటు వల్ల అని తేలడానికి దారి పడింది. దోమతెర కట్టుకుని పడుకోండి అనే చిన్న మాట ఆ బేగంపేట నుంచే బయల్దేరింది. కాని పరిశోధనశాలలో తేలిన మాట కొండమీది గుడిసె దాకా నడిచి రావడానికి ఏళ్లు పడుతుంది. జనాన్ని క్వినైన్ చేదు నుంచి తప్పించిన క్లోరోక్విన్ రెండో ప్రపంచ యుద్ధం తర్వాత గాని వాడుకలోకి రాలేదు. వినికిడిని కొలిచి చూపే ఆడియోమీటర్ 1920లలో గాని వైద్యుల వాడుకలోకి రాలేదు. చెవిలో మోత మొదలైందని ఏ వైద్యుడి దగ్గరికి వెళ్లినా జ్వరమా, చెవులా ఎంచుకో అనడం తప్ప ఆనాటి వైద్యం దగ్గర వేరే జవాబు లేదు. పంతులుగారు తట్టడానికి తలుపే లేదు. ఆయన కోసం ఏడ్చినప్పుడు ఆ ఏడుపులో కోపం కలవదు.

తలుపులు ఉన్నచోట సంగతి వేరు. ఆయన సవర వ్యాకరణాన్ని మద్రాసు ప్రభుత్వం అచ్చువేసిన 1931లోనే మా దగ్గర మంజీర మీద నిజాంసాగర్ కట్ట పూర్తయింది. కాలువ పారింది, వరి వచ్చింది, వరి వెంబడి మిల్లులొచ్చాయి. వానాకాలం పంట, యాసంగి పంట రెండూ అక్కడికే చేరతాయి. సీజన్‌లో రాత్రీ పగలూ ఆగని హోరు. మా వాడకట్టులో ఒక కాక ఆ మిల్లుల్లో ఆపరేటర్‌గా జీవితమంతా చేశాడు. కూలికి చేరి ఆపరేటర్ అయ్యాడంటే కారణం అతని చెవులే. ఏ బేరింగ్ అరుగుతున్నదో, ఏ బెల్టు జారుతున్నదో, ఎలివేటర్‌లో వడ్లు ఎక్కడ తట్టుకున్నాయో చూడకుండానే చప్పుడును బట్టి చెప్పేవాడు. షావుకారు మెకానిక్ మాట కంటే కాక చెవిని నమ్మేవాడు. బాగున్న మిషన్ చప్పుడులో ఒక లయ ఉంటదని, అది తప్పితే నిద్రలో ఉన్నా లేచి కూర్చుంటనని గర్వంగా చెప్పుకునేవాడు.

85 డెసిబెల్స్ చప్పుడులో రోజుకు 8 గంటలు దాటితే చెవికి హాని మొదలవుతుందని వైద్యులు చెబుతారు. అక్కణ్నుంచి 3 డెసిబెల్స్ పెరిగిన కొద్దీ ఆ గడువు సగానికి సగం తగ్గిపోతుంది. 88కి 4 గంటలు, 91కి 2 గంటలు. మిషన్ పక్కన నిలబడి మనిషితో మాట్లాడాలంటే అరవాల్సి వస్తున్నదంటే ఆ చప్పుడు గీత దాటిందని లెక్క. కాక దూది పెట్టుకునేవాడు. దూది దుమ్మును ఆపుతుంది గాని చప్పుడును దాదాపు ఆపలేదు.

తర్వాత జరిగింది మా వాడకట్టులో అందరూ చూశారు. చూసినవాళ్లు ఎవరూ దానికి చెవుడని పేరు పెట్టలేదు. ముందు టీవీ చప్పుడు పెరిగింది. ఆ తర్వాత మనవరాలు తాతా అని పిలిస్తే పలకడం తగ్గింది. తోటి హమాలీలు బొంగురు గొంతుతో పిలిస్తే మాత్రం వెంటనే తిరిగేవాడు. చెవి పోయేటప్పుడు అంతే. సన్నని స్వరాలు ముందు పోతాయి, పిల్లల గొంతులు, ఆడవాళ్ల గొంతులు. మాటలో స, శ, త, క లాంటివి రాలిపోయి అచ్చుల మూలుగు ఒక్కటి మిగులుతుంది. ఎవరో మాట్లాడుతున్నారని తెలుస్తుంది, ఏమంటున్నారో తెలియదు. ఇంట్లో ఇది ఎలా కనబడుతుంది? చిన్నమ్మ అనేది, "నీకు ఇనబుద్ధయినప్పుడే ఇనవడ్తది." కాక అనేవాడు, "మీరే నోట్ల నోట్ల గొణుగుతరు, జర జోర్సె చెప్పుండ్రి." ఇద్దరూ అబద్ధం ఆడలేదు. ఎవరికి తెలిసింది వాళ్లు చెప్పారు. ఆ రెండు మాటల మధ్య ఏళ్లు గడిచిపోయాయి.

కొడుకు దుబాయి నుంచి ఫోన్ చేస్తే మొదట్లో ఒక చెవి నుంచి ఇంకో చెవికి మార్చుకునేవాడు. తర్వాత "మీ అమ్మకిస్త" అని ఫోన్ చేతిలో పెట్టి వాకిట్లోకి వెళ్లిపోయేవాడు. హోటల్ కాడ నలుగురు నవ్వితే తనూ నవ్వేవాడు, కొంచెం ఆలస్యంగా. ఆ ఆలస్యాన్ని ఒకరిద్దరు కనిపెట్టారు. చెవిటివాడి ముందు శంఖం అని మన భాషలో సామెత సిద్ధంగానే ఉంటుంది కదా, ఎవరో అన్నారు. అది అతనికి వినబడిందో, వాళ్ల మొహాల్లో కనబడిందో, ఆ మరునాటి నుంచి హోటల్‌కు పోవడం మానేశాడు.

ఒక యాసంగి సీజన్‌లో బేరింగ్ అరిగిపోతున్న చప్పుడు అతను పట్టుకోలేకపోయాడు. పక్కన సంచులు కుడుతున్న పోరడు పట్టుకుని ఉరికొచ్చి చెప్పేలోపే బెల్టు తెగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. షావుకారు ఒక్క మాట అనలేదు. మరుసటి వారం నుంచి కాకను సంచుల లెక్క కాడ కూర్చోబెట్టారు. లెక్క చెప్పేవాళ్ల అంకెలు సరిగ్గా అందక అక్కడా ఇమడలేకపోయాడు. తర్వాత ఇల్లు.

కండ్లకు మసక వచ్చినప్పుడు అదే కాక వారం తిరక్కుండా దవాఖానకు పోయి ఆపరేషన్ చేయించుకున్నాడు. నల్లద్దాలు పెట్టుకుని బజార్ల తిరిగాడు కూడా. చెవి సంగతి ఎవరైనా ఎత్తితే మాత్రం "వయసు మీద పడ్డది, గంతే" అనేవాడు. చెవిలో మిషిన్ పెట్టుకుంటే చెవిటోడని ముద్ర పడుతుందన్న భయం. అది అతని ఒక్కడి భయం కాదు. లోకంలో దాదాపు 150 కోట్ల మందికి ఏదో ఒక మేరకు వినికిడి లోపం ఉందని, అందులో 43 కోట్ల మందికి చికిత్సో పరికరమో శిక్షణో కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 నివేదికలో చెప్పింది. అందులో ఎంతమంది కాక అన్న మాటే అని ఊరుకున్నారో.

అడుగడుగునా తలుపులు ఉన్నాయి. చెవుడు నివారణకు కేంద్రం 2006–07 నుంచి జాతీయ కార్యక్రమం నడుపుతోంది. చెవి ముక్కు గొంతు డాక్టరు చూసి, గులిమి అడ్డమా, చీము పట్టడమా, కర్ణభేరికి చిల్లా, నరమా అని తేలుస్తారు. మొదటి మూడింట్లో చాలా మట్టుకు బాగయ్యేవే. చెవి ఒక్కపూటలో హఠాత్తుగా మూసుకుపోతే ఆ రోజే పోవాలి, మొదటి రోజుల్లో మందు పడితే తిరిగొచ్చే ఆశ ఉంటుంది. నరం తాలూకుదే అయితే వినికిడి పరికరం. పేదవాళ్లకు కేంద్రం ఇచ్చే సాయంలో అదీ ఉంది. హైదరాబాద్ బిడ్డ అలీ యావర్ జంగ్ పేరు మీద వెలసిన జాతీయ సంస్థకు సికింద్రాబాద్‌లో ప్రాంతీయ కేంద్రం ఉంది. పరికరం ఎంత ముందు పెడితే అంత మేలు. చాలాకాలం మాటలు అందని మెదడు మాటను మాటగా పోల్చుకునే అలవాటు తప్పుతుంది. నడివయసులో వినికిడి పోయి పట్టించుకోని వాళ్లకు మతిమరుపు జబ్బు ముప్పు పెరుగుతుందని లాన్సెట్ నిపుణుల సంఘం 2020లో లెక్కగట్టి మరీ చెప్పింది. ఇవన్నీ కాకకు ఇప్పుడు చెబుతున్నాం. ఇరవై ఏళ్ల కింద చెప్పాల్సింది.

పంతులుగారి కథ చెవులు పోవడంతో ఆగలేదు. నన్ను అడిగితే అసలు విషాదం ఆ తర్వాతే ఉంది. ఆయన జీవితం రెండో సగమంతా ఒక్క వాదం మీద నిలబడింది: నోట పలికేది, చెవికి వినబడేది పుస్తకంలోకి రావాలి. మాట్లాడే తెలుగు రాసే తెలుగు కావాలి. ఆ వాదానికి బలం చెవి నుంచి రావాలి. రైతు ఎలా అన్నాడు, ఇల్లాలు ఎలా అంది, బజార్లో ఏ క్రియ ఎలా విరిగింది. వినికిడి సన్నగిల్లిన మనిషి ఆ పని నెత్తిన వేసుకున్నాడు. 1911లో ఉద్యోగం విరమించాక ఊరూరా తిరిగారు. 1913లో సవరల కోసం చేసిన కృషికి ప్రభుత్వం బిరుదు ఇచ్చింది. 1914లో మద్రాసు విశ్వవిద్యాలయంలో గురజాడ వాడుక భాష తరఫున తన అసమ్మతి పత్రం రాశారు. 1915 నవంబర్ 30న గురజాడ పోయారు. విజయనగరం బడి రోజుల నుంచి ఎరిగిన గొంతు అది. పంతులుగారి చెవి నిక్షేపంగా ఉన్న కాలంలో విన్న గొంతు.

1919లో 'తెలుగు' అని మాసపత్రిక పెట్టారు. 1925లో తణుకులో ఆంధ్ర సాహిత్య పరిషత్ సభలో నాలుగు గంటలు మాట్లాడారు. పాత కావ్యాల నుంచీ తాళపత్రాల నుంచీ ఉదాహరణలు తీసి గుప్పించారు. ఆ సభ ముక్కున వేలేసుకుందని అందరూ రాస్తారు. చప్పట్లు కొట్టే ఉంటారు. ఆ చప్పట్లు ఆయన దాకా ఎంత వచ్చాయన్న దగ్గరే నా మనసు ఆగిపోతుంది. ఒక మనిషి తన గొంతుతో తెలుగు జాతినంతటినీ కదిలించి, తిరిగి వచ్చే జవాబును పూర్తిగా వినలేకపోవడం. వాదంలో ప్రత్యర్థికి పుస్తకం చాలు, కాగితం చాలు. స్నేహానికి చాలదు. సాయంకాలం అరుగు మీద పక్కమనిషి గొంతు తగ్గించి చెప్పే మాటకు చెవే కావాలి. కాకకు హోటల్ ఎలా దూరమైందో చూశాక, పంతులుగారికి ఎన్ని అరుగులు దూరమై ఉంటాయో అనుకోకుండా ఉండలేను.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది, పర్లాకిమిడి అందులోకి పోయింది. పోకూడదని ఆయన చేసిన పోరాటం నెగ్గలేదు. ఆ కొత్త రాష్ట్రపు వేడుక చూడలేక, మిగిలిన ఆస్తి వదిలేసి, ఆ ఉదయమే ఊరు విడిచి రాజమండ్రిలో కొడుకు ఇంటికి చేరారు. యాభై ఆరేళ్లు బతికిన ఊరు. మొదట చెవులు అక్కడి కొండల్లో పోయాయి, తర్వాత ఊరే పోయింది. 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు అచ్చయింది. మద్రాసులో 1940 జనవరి 15న పత్రికలవాళ్లను కూర్చోబెట్టుకుని, జనం మాట్లాడే తెలుగు రాయండని చివరిసారి కోరారు. వారం తిరగ్గానే, 22న, కన్నుమూశారు. సవరల గొంతులో తెగి అందుకునే ఆ సన్నని ధ్వని ఆయన వ్యాకరణంలో గుర్తుతో సహా ఉంది. చెవి బాగున్నన్నాళ్లు అంత జాగ్రత్తగా విన్నారు కాబట్టే ఉంది.

మా కాకను చివరికి హైదరాబాద్ తీసుకుపోయాం. అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్ పెట్టి, చేతికి మీట ఇచ్చారు. చప్పుడు వినబడినప్పుడల్లా నొక్కాలి. బయట తెరమీద చుక్క వెలిగినప్పుడల్లా లోపల చప్పుడు పంపినట్టు. చిన్నమ్మ చూపంతా అతని బొటనవేలి మీదే ఉంది. చుక్క వెలుగుతోంది, వేలు కదలడం లేదు. మళ్లీ వెలిగింది, కదల్లేదు. బొంగురు స్వరాలకు వచ్చేసరికి రెండు మూడు సార్లు నొక్కాడు. కాగితం మీద గీత మొదట కొంత నిలిచి, తర్వాత దిగువకు జారిపోయింది. పరికరం పెట్టొచ్చు గాని మాట తేటగా అందడానికి ఓపిక పట్టాలని, చాలా ఆలస్యమైందని చెప్పారు. పరీక్ష చేసిన అమ్మాయి పెద్ద అక్షరాలతో కాగితం మీద ఒక ప్రశ్న రాసి ముందు పెట్టింది. చెవిలో మోత ఎప్పటి నుంచి ఉంది?

కాక చదువుకున్నాడు. తడుముకోలేదు.

"మిల్లుల చేరిన రెండో ఏడాది సంది, బిడ్డా. రాత్రి పండుకుంటే గుయ్యిమని ఒకటే మోత."

చిన్నమ్మ అతని మొహంలోకి చూసి, "నాకెన్నడు చెప్పలే నువ్వు" అంది.